పాత విమాన రూట్ ఎగరబోతే ఫ్లైట్ సిమ్ మొరాయిస్తోందా? ఎక్కడ వెతకాలో చూద్దాం

విమాన సంస్థ పాత టైమ్‌టేబుల్ ఒకటి దొరికింది, దానికి తగ్గ విమానం కూడా సిమ్ (కంప్యూటర్‌లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్) కోసం కొని పెట్టుకున్నాం, ఇక ఎగరడమే మిగిలింది అనుకుంటాం. గొడవ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. విమానాన్నైతే 1975కి తీసుకెళ్తాం గానీ సిమ్‌లోని నేల, రేడియో కేంద్రాలు, గడియారాలు, గాలులు అన్నీ ఇవాళ్టివే. సెట్టింగ్స్‌లో సంవత్సరం మార్చుకునే వీలున్నా, మూతపడ్డ విమానాశ్రయం దాంతో తెరుచుకోదు.

అందుకే ఎవరు ఏ సమస్య చెప్పినా నేను ముందు అడిగేది టైమ్‌టేబుల్ మీద "ఈ తేదీ నుంచి అమలు" అని ఏ తేదీ ఉంది అని. అది తెలియకపోతే కింద చెప్పేవాటిలో సగం పనిచేయవు. "1970ల నాటిది" అంటే చాలదు, నెల కూడా కావాలి. ఎందుకో గడియారం గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

కోడ్ కొడితే వేరే విమానాశ్రయం వస్తోంది

విమానాశ్రయం మారినా కోడ్ చాలాసార్లు ఊరితోనే ఉండిపోతుంది. హాంకాంగ్‌లో కై టాక్ 1998 జులై 6న మూతపడింది. హెచ్‌కేజీ, వీహెచ్‌హెచ్‌హెచ్ అనే రెండు కోడ్‌లూ చెక్ లాప్ కాక్‌లోని కొత్త విమానాశ్రయానికి వెళ్లిపోయాయి. 1975 నాటి ప్లాన్‌లో ఆ కోడ్ వేస్తే మిమ్మల్ని అప్పటికి చాలావరకు సముద్రమే ఉన్న చోట దింపుతుంది. బీకేకే అంటే 2006 దాకా డాన్ ముయాంగ్, ఇప్పుడు సువర్ణభూమి. ఏటీహెచ్ అంటే 2001 దాకా ఎల్లినికాన్. న్యూయార్క్ టైమ్‌టేబుల్‌లో ఐడీఎల్ కనిపిస్తే కంగారు పడకండి. అది ఐడిల్‌వైల్డ్, అంటే 1963 డిసెంబర్‌లో పేరు మారి జేఎఫ్‌కే అయిన విమానాశ్రయమే.

కోడ్‌తో కాకుండా ఊరు, సంవత్సరం పట్టుకుని వెతకండి. డాన్ ముయాంగ్, పారిస్‌లోని లె బూర్జే లాంటివి సిమ్‌లో ఇప్పటికీ ఉన్నాయి, కోడ్ మారిస్తే సరిపోతుంది. పూర్తిగా పోయినవాటికి మాత్రం యాడ్-ఆన్ సీనరీ (సిమ్‌లో విడిగా చేర్చుకునే విమానాశ్రయం) వేసుకోవాల్సిందే. కై టాక్ సీనరీలు ఎక్కువగా వీహెచ్‌హెచ్‌ఎక్స్ అనే కోడ్‌తో వస్తాయి. ఊళ్ల పేర్లూ చూసుకోవాలి. లియోపోల్డ్‌విల్ అంటే కిన్షాసా, సాలిస్‌బరీ అంటే హరారే.

సీనరీ వేశాను, కానీ రన్‌వే మీద భవనాలు మొలిచాయి

మూతపడ్డ విమానాశ్రయాల స్థలం ఖాళీగా ఉండదు కదా. కై టాక్ రన్‌వే కొసన ఇప్పుడు క్రూజ్ టెర్మినల్ ఉంది. ఉపగ్రహ చిత్రాల నుంచి భవనాలు లేపే సిమ్ అయితే దాన్నీ లేపుతుంది. సీనరీ తయారుచేసినవాళ్లు ఆ స్థలంలో భవనాలు రాకుండా ఆపే పొర ఇచ్చారేమో ముందు చూడండి. ఇచ్చినా భవనాలు వస్తున్నాయంటే సీనరీలు లోడయ్యే వరుసలో తేడా ఉంది. ఎక్స్-ప్లేన్ అనే సిమ్‌లో అయితే సీనరీ ప్యాక్స్ అనే ఐఎన్‌ఐ ఫైల్ తెరిచి పాత విమానాశ్రయాన్ని పైకి, ఫొటో సీనరీనీ మెష్‌నీ (నేల ఎత్తుపల్లాల డేటా) కిందికి జరపండి. రన్‌వే గుంటలోనో గట్టు మీదో కనిపిస్తే అది ఎత్తుల డేటా గొడవ. ఆ ప్రాంతానికి వేరే మెష్ వేసి ఉంటే కాసేపు తీసేసి చూడండి, దొంగ దొరుకుతాడు.

టైమ్‌టేబుల్ ప్రకారం రెండు గంటలే, నాకు మూడున్నర పడుతోంది

అందరూ తప్పు విమానం మీదికి తోసేసే సమస్య ఇది. నేనూ అదే చేశాను. ఇంజిన్ సెట్టింగులు మార్చాను, ఎత్తు మార్చాను, చివరికి యాడ్-ఆన్‌నే అనుమానించాను. తప్పంతా గడియారంలో ఉంది.

ఒక ఉదాహరణ. 1975 జులైలో హాంకాంగ్ నుంచి ఉదయం 9 గంటలకు బయలుదేరి 11 గంటలకు సింగపూర్ చేరినట్టు టైమ్‌టేబుల్‌లో ఉందనుకోండి. ఇప్పుడు రెండు ఊళ్లదీ ఒకటే టైమ్, యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) 8 గంటలు ముందు. ఆ లెక్కన ప్రయాణం రెండు గంటలు. దాదాపు 1,400 నాటికల్ మైళ్లు రెండు గంటల్లో వెళ్లాలంటే బోయింగ్ 707 వల్ల కాదు, ధ్వనిని మించి ఎగిరే కాంకార్డ్ కావాలి. కానీ ఆ రోజుల్లో హాంకాంగ్ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపేది, అంటే యూటీసీకి 9 గంటలు ముందు. సింగపూర్ 1982 జనవరి దాకా ఏడున్నర గంటలే ముందుండేది. హాంకాంగ్‌లో 9 అంటే యూటీసీ 00:00. సింగపూర్‌లో 11 అంటే యూటీసీ 03:30. ప్రయాణం మూడున్నర గంటలు. 707కి సరిగ్గా సరిపోయింది.

అదే డిసెంబర్ టైమ్‌టేబుల్ అయితే హాంకాంగ్ వేసవి టైమ్ ఉండదు కాబట్టి తేడా గంటన్నర కాదు, అరగంటే. నెల కావాలన్నది ఇందుకే. లండన్ రూట్లలోనూ ఇలాంటి గోతి ఒకటుంది. 1968 అక్టోబర్ నుంచి 1971 అక్టోబర్ దాకా బ్రిటన్ చలికాలంలో కూడా గడియారాన్ని వెనక్కి తిప్పలేదు. ఆ మూడు చలికాలాల లండన్ టైమ్‌లన్నీ యూటీసీకి గంట ముందు.

కాబట్టి ఏ టైమ్‌నైనా ఆ సంవత్సరపు తేడాతో యూటీసీకి మార్చి, సిమ్‌లో యూటీసీనే పెట్టండి. సిమ్ చూపించే లోకల్ టైమ్ టైమ్‌టేబుల్‌తో కలవదు, వదిలేయండి. సూర్యుడు మాత్రం సరైన చోటే ఉంటాడు. చాలా టైమ్‌టేబుల్స్‌లో ఊరి పేరు పక్కనే జీఎంటీ (ఇక్కడ యూటీసీ అనే అనుకోండి) తేడా అచ్చేసి ఉంటుంది, ముందు అక్కడ చూడండి. లేకపోతే కంప్యూటర్లు వాడే ఐఏఎన్‌ఏ టైమ్ జోన్ డేటాబేస్‌లో ఈ పాత మార్పులన్నీ ఉన్నాయి. అమెరికన్ టైమ్‌టేబుల్స్‌లో మరో తిరకాసు: సన్న అక్షరాల్లో ఉంటే ఉదయం, లావు అక్షరాల్లో ఉంటే మధ్యాహ్నం తర్వాత. స్కాన్ మసకగా ఉంటే పన్నెండు గంటలు అటూ ఇటూ అయిపోతుంది.

ఇంకా పదిహేను, ఇరవై నిమిషాల తేడా మిగిలితే పట్టించుకోకండి. టైమ్‌టేబుల్ లెక్క గేటు నుంచి గేటుకు, ట్యాక్సీతో కలిపి.

ఆటోపైలట్ నేరుగా కొండలోకి తీసుకెళ్తోంది

కై టాక్ 13వ నంబర్ రన్‌వేకి దిగేవాళ్ల దగ్గర నుంచి ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు. సీనరీ బాగానే ఉంది, విమానమూ బాగానే ఉంది. అక్కడున్నది మామూలు ఐఎల్‌ఎస్ (నేరుగా రన్‌వే మీదికి దారి చూపే రేడియో కిరణం) కాదు, ఐజీఎస్. దాని కిరణం రన్‌వే వైపు చూడదు, 088 డిగ్రీల మీద కొండ వైపు చూస్తుంది. కొండ మీద ఎరుపు, తెలుపు గళ్లు వేసిన గోడ కనిపించగానే పైలట్ ఆటోపైలట్ తీసేసి, చేత్తో 47 డిగ్రీలు కుడికి తిప్పి 135 మీదికి రావాలి. ఆటోపైలట్‌కి ఆ గళ్లు కనపడవు. దాని మానాన దాన్ని వదిలేస్తే 088 మీద నిష్ఠగా వెళ్లి కొండకి గుద్దేస్తుంది.

చేయాల్సిందల్లా వేగం, ఫ్లాప్స్, గేర్ అన్నీ గళ్లు కనిపించక ముందే పూర్తి చేసుకోవడం. 675 అడుగుల దాకా దిగేసరికి నేల కనపడకపోతే ఇక కిందికి దిగకుండా పైకి లేచిపోవాలి. కనపడితే ఆటోపైలట్ తీసి తిప్పండి, దిగడం ఆపకుండా తిప్పండి. కొత్తవాళ్లు మలుపులో భయపడి ముక్కు పైకెత్తుతారు, దాంతో సగం రన్‌వే దాటాక గానీ నేల తగలదు. గాలి కుడి నుంచి వీస్తుంటే మలుపు కొంచెం ముందే మొదలుపెట్టండి, లేకపోతే రన్‌వే గీత దాటి అటువైపుకి పోతారు. మొదటి పదిసార్లూ లైవ్ వెదర్ (బయటి నిజమైన వాతావరణం) ఆపేసి చేయమంటాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఐజీఎస్ సిగ్నలే రావడం లేదంటే కారణం వేరు. సీనరీతో వచ్చిన రేడియో కేంద్రాన్ని మీరు వేసుకున్న కొత్త నావ్‌డేటా (రేడియో కేంద్రాలు, విమాన దారుల డేటాబేస్) కప్పేసి ఉంటుంది.

వీఓఆర్ సూది కదలడం లేదు, ప్లానర్‌లో రూటంతా ఎరుపు

నావ్‌డేటా 28 రోజులకోసారి మారుతుంది. జీపీఎస్ వచ్చాక వీఓఆర్‌లు, ఎన్‌డీబీలు (విమానాలకి దారి చూపే నేల మీది రేడియో కేంద్రాలు) ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. పాత చార్ట్‌లోని ఫ్రీక్వెన్సీ పెడితే అక్కడ ఎవరూ పలకరు. ఫ్లైట్ ప్లానర్‌లో ఎయిర్‌వే (ఆకాశంలో గీసిన దారి) పేర్లు పెట్టే పంతం మానేసి, పాత చార్ట్ నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని పాయింట్లుగా వేయడం తేలిక. లిటిల్ నావ్‌మ్యాప్ అనే ప్లానర్‌లో యూజర్ పాయింట్లు పెట్టుకోవచ్చు. అంతకంటే లోతుకి వెళ్లాలనుకుంటే ఎక్స్-ప్లేన్‌లో కస్టమ్ డేటా ఫోల్డర్‌లో యూజర్ నావ్, యూజర్ ఫిక్స్ ఫైళ్లు పెట్టి మూతపడ్డ కేంద్రాన్ని మళ్లీ బతికించవచ్చు. ఒక రూట్‌కి ఐదారు కేంద్రాలు చేర్చడానికి ఒక సాయంత్రం చాలు. పాత ఏరాక్ (28 రోజుల నావ్‌డేటా) కాపీ మీ దగ్గర ఉంటే చెరిపేయకండి, వేరే ఫోల్డర్‌లో దాచండి.

హెడింగ్ సరిగ్గానే పెట్టాను, ఊరు మాత్రం పక్కకి జరిగింది

అయస్కాంత ఉత్తరం ఏటేటా జరుగుతుంది. లండన్ గ్రీనిచ్ దగ్గర దిక్సూచి తేడా (అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య) 2019లో సున్నాకి వచ్చింది, పాత చార్టుల్లో అది పడమరకి కొన్ని డిగ్రీలు ఉండేది. రన్‌వే నంబర్ దాని దిక్సూచి దిశని బట్టే కాబట్టి హీత్రోలో 10, 28 నంబర్ల రన్‌వేలు 1987లో 09, 27 అయ్యాయి, తారు మాత్రం అదే. చార్ట్‌లో హెడింగ్ 083, తేడా 8 డిగ్రీలు పడమర అని ఉంటే అసలు దిశ 075. ఇవాళ అక్కడ తేడా సున్నా అయితే సిమ్‌లో 075 పెట్టాలి. మార్చకపోతే ప్రతి 60 మైళ్లకి 8 మైళ్లు పక్కకి పోతారు, 300 మైళ్లకి 40. సముద్రం మీద చిన్న దీవిని వెతుక్కునే రూటైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇంధనం చాలడం లేదు, లేదా మరీ మిగిలిపోతోంది

రకం చూడండి. 707 అని రాసినంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. 1958 అక్టోబర్ 26న అమెరికా సంస్థ పాన్ ఆమ్ మొదటి 707 సర్వీసు న్యూయార్క్ నుంచి పారిస్‌కి వెళ్లినప్పుడు మధ్యలో కెనడాలోని గాండర్‌లో ఇంధనం నింపుకుంది, ఎందుకంటే అది చిన్న 120 రకం. పొడవాటి రూట్ల కోసం చేసిన 320 రకం మరుసటి ఏడాది వచ్చింది. సిమ్‌లో దొరికే 707లు ఎక్కువగా ఈ రెండో కోవవే. దాంతో గాండర్‌లో ఆగకుండానే పారిస్ వెళ్లిపోవచ్చు, కానీ అది 1958 రూట్ అనిపించుకోదు. నేనైతే ట్యాంకులు తక్కువ నింపి గాండర్‌లో దిగుతాను.

గాలి కూడా చూసుకోవాలి. అట్లాంటిక్ మీద చలికాలంలో పడమరకి వెళ్తుంటే ఎదురుగాలి 100 నాట్లు దాటడం మామూలే. జనవరి టైమ్‌టేబుల్‌ని జూన్ లైవ్ వెదర్‌లో ఎగిరి, ముందే చేరిపోయానని సంతోషించకండి.

పిస్టన్ ఇంజిన్ దారిలోనే ఆగిపోతోంది

జెట్ అలవాటుతో థ్రాటిల్ ముందుకి నెట్టి వదిలేయడమే కారణం, పదికి తొమ్మిదిసార్లు. డీసీ-3 అనే పాత పిస్టన్ విమానంలో టేకాఫ్‌కి మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) 48 అంగుళాలు, 2,700 ఆర్‌పీఎం. అది నిమిషాల వ్యవహారం. పవర్ తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ప్రొపెల్లర్. పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్, తర్వాత థ్రాటిల్. మేఘంలోకి వెళ్లాక ప్రెషర్ దానంతటదే పడిపోతుంటే కార్బ్యురేటర్‌లో మంచు పడుతోంది, కార్బ్ హీట్ వేయండి.

నెట్‌వర్క్‌లో కంట్రోలర్ అడిగిన ఎత్తు ఇవ్వడం లేదు

పాత లాగ్‌లో పడమరకి ఎఫ్‌ఎల్ 350 (అంటే 35,000 అడుగులు) అని ఉంటుంది, అప్పట్లో అది కరెక్టే. 29,000 అడుగుల పైన విమానాల మధ్య 2,000 అడుగులు వదిలేవాళ్లు కాబట్టి పడమరకి 310, 350, 390 ఇచ్చేవాళ్లు. తర్వాత ఆర్‌వీఎస్‌ఎం అనే పద్ధతి వచ్చి 1,000 అడుగులు చేసింది, యూరప్‌లో 2002లో, అమెరికాలో 2005లో. ఇప్పుడు 350 అంటే తూర్పుకి వెళ్లేవాళ్ల ఎత్తు. సిమ్ పైలట్లూ కంట్రోలర్లూ కలిసే ఆన్‌లైన్ నెట్‌వర్క్ వాట్సిమ్‌లో అదే కావాలని పట్టుబడితే ఎదురుగా వచ్చేవాళ్లకి టెన్షన్, కంట్రోలర్‌కి తలనొప్పి. 340 గానీ 360 గానీ అడగండి. మీ విమానంలో ఆర్‌వీఎస్‌ఎం పరికరాలు లేనట్టు ఎగరాలనుకుంటే ఫ్లైట్ ప్లాన్‌లో డబ్ల్యూ అక్షరం తీసేసి 290 కంటే కింద ఉండండి. ఆర్‌నావ్ (జీపీఎస్ లాంటి వాటితో నేరుగా పాయింట్లకి వెళ్లడం) లేదు, రాడార్ వెక్టర్లు (కంట్రోలర్ చెప్పే దిశలు) కావాలి అని రిమార్క్స్‌లో ముందే రాస్తే చాలామంది సరదాగానే సాయం చేస్తారు.

పైరెప్ తిరస్కరించారు

పైరెప్ అంటే ఫ్లైట్ ముగిశాక మీ వర్చువల్ ఎయిర్‌లైన్‌కి (సిమ్ పైలట్లు సరదాగా నడిపే విమాన సంస్థ) పంపే రిపోర్ట్. ఆ ఎయిర్‌లైన్ సాఫ్ట్‌వేర్‌కి చరిత్ర తెలియదు, దానికి తెలిసింది డేటాబేస్. దిగిన విమానాశ్రయం కోడ్ కలవకపోయినా, 707-320కి బీ703 బదులు వేరే టైప్ కోడ్ పడినా, టైమ్ యాక్సిలరేషన్ వాడినా వెనక్కి పంపేస్తుంది. అన్నిటికంటే వింతది నెగటివ్ ప్రయాణ సమయం. రూట్ ఎక్కించినవాళ్లు లోకల్ టైమ్‌లని యూటీసీ అనుకుని ఎక్కిస్తే, బయలుదేరక ముందే చేరినట్టు లెక్క వస్తుంది. మీ లాగ్‌లో తప్పు ఉండదు. టైమ్‌టేబుల్ పేజీ స్కాన్, దాని అమలు తేదీ, రెండు టైమ్‌ల యూటీసీ లెక్క జతచేసి స్టాఫ్‌కి పంపండి, పైరెప్‌ని మాన్యువల్‌గా ఆమోదించమనండి. షెడ్యూల్‌ని కూడా అప్పుడే సరిచేయమనండి, లేకపోతే వచ్చే వారం ఆ రూట్ ఎగిరినవాళ్లకీ ఇదే గొడవ.