ప్రాచీన చైనా చరిత్రకారుల జీవితాన్ని రాయడం ఎలా?

చరిత్రకారుల జీవితచరిత్ర రాయబోయేవారు సాధారణంగా పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, గ్రంథాలు, పురస్కారాలు అనే వరుసలో సాగిపోతారు. ప్రాచీన చైనా నాగరికతను అధ్యయనం చేసినవారి విషయంలో ఈ వరుస చాలదు. ఆ రంగంలో ఆధారాలన్నీ గ్రంథాలయంలో సిద్ధంగా లేవు. గత నూట పాతికేళ్లుగా అవి నేలలోంచి విడతలు విడతలుగా బయటికి వస్తూనే ఉన్నాయి. అందువల్ల ఒక పండితుడు ఏమి రాశారో చెప్పేముందు, ఆ రచన చేసేనాటికి ఆయనకు ఏయే ఆధారాలు అందాయో తెలుసుకోవాలి. ఇక్కడ ఇస్తున్న సూచనలలో ఎక్కువభాగం ఈ ఒక్క నియమం నుంచి పుట్టినవే.

ముందుగా ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు పండితుని జీవిత ఘట్టాలను, కుడివైపు ఆ కాలంలో బయటపడిన ఆధారాలను సంవత్సరాల వారీగా రాసుకోండి. ప్రాచీన చైనాను ఏలిన షాంగ్ రాజవంశ కాలంపై పనిచేసినవారి గురించి రాస్తున్నట్లయితే కుడివైపు కొన్ని సంవత్సరాలు తప్పక ఉండాలి. జోస్యం చెప్పడానికి వాడిన తాబేటి చిప్పల మీద, పశువుల భుజపుటెముకల మీద ఉన్న గీతలు ప్రాచీన లిపి అని 1899లో గుర్తించిన ఘనత వాంగ్ యీరోంగ్‌కు దక్కింది. వాటి నకళ్లతో తొలి సంకలనాన్ని లియూ అ 1903లో ప్రచురించారు. షాంగ్ రాజధాని శిథిలాలున్న ఆన్‌యాంగ్‌లో శాస్త్రీయమైన తవ్వకాలు 1928లో మొదలై, 1937 వరకు 15 విడతలుగా సాగాయి. 1936లో ఒక్క గుంటలోనే 17,000కు పైగా రాతలున్న ముక్కలు దొరికాయి. 1976లో జెంగ్ జెన్‌షియాంగ్ నాయకత్వంలో, వూ డింగ్ రాజు భార్య ఫూ హావ్ సమాధి దోపిడీకి గురికాని స్థితిలో బయటపడింది.

ఈ పట్టిక ప్రయోజనం ఏమిటో ఎముకల లిపి తొలితరం పండితుడు వాంగ్ గువోవెయ్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన 1917లో షాంగ్ రాజుల మీద రెండు వ్యాసాలు రాశారు. రెండు వేల సంవత్సరాల క్రితం సిమా చియెన్ తన చరిత్రలో ఇచ్చిన షాంగ్ రాజుల జాబితా కల్పన కాదని, ఎముకల మీది పేర్లతో అది చాలావరకు సరిపోతున్నదని ఆ వ్యాసాలు చూపించాయి. అంతేకాక, వేర్వేరు చోట్లకు చేరిన ఎముక ముక్కలు ఒకే ఎముకకు చెందినవని గుర్తించి, వాటిని కలిపి చదివి, జాబితాలోని ముగ్గురు పూర్వీకుల వరుసను కూడా ఆయన సరిదిద్దారు: డింగ్, యీ, బింగ్ అన్నది తప్పని, యీ, బింగ్, డింగ్ అన్నదే సరైనదని తేల్చారు. ఇప్పుడు కుడివైపు చూడండి. 1917 నాటికి ఆన్‌యాంగ్‌లో ఒక్క శాస్త్రీయ తవ్వకమైనా జరగలేదు. ఆయన ముందున్నవి ప్రైవేటు సేకరణలు, కాగితం మీద సిరాతో తీసిన నకళ్లు మాత్రమే. భూమిలో దొరికిన ఆధారాన్ని, పాత గ్రంథంలోని ఆధారాన్ని ఒకదానితో ఒకటి సరిచూడాలన్న పద్ధతిని ఆయన 1925లో విద్యార్థులకు బోధించారు. 1927 జూన్‌లో బీజింగ్ వేసవి రాజభవనపు సరస్సులో మునిగి ప్రాణాలు విడిచారు. తవ్వకాలు ఆ మరుసటి ఏడాదే మొదలయ్యాయి. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టడం వంద ప్రశంసావాక్యాలకన్నా ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

పేర్ల విషయంలో తొలిరోజే ఒక నిర్ణయానికి రావాలి. చైనా పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. రోమన్ లిపిలో రాసే పద్ధతులు రెండు ఉండటంతో ఒకే వ్యక్తి ఒకచోట లీ చీగా, మరోచోట లీ జీగా కనిపిస్తారు. ఇవి కాక పండితులకు వ్యవహార నామాలు, బిరుదు నామాలు ఉండేవి. ఎముకల లిపి అధ్యయనంలో తొలితరం మహనీయులను ‘నలుగురు తాంగ్‌లు’ అంటారు. లువో జెన్‌యూ (షుయెతాంగ్), వాంగ్ గువోవెయ్ (గ్వాన్‌తాంగ్), గువో మోరువో (డింగ్‌తాంగ్), డోంగ్ జువోబిన్ (యెన్‌తాంగ్) అనే ఈ నలుగురి బిరుదు నామాలూ ‘తాంగ్’ అనే ఒకే అక్షరంతో ముగియడమే అందుకు కారణం. ఈ సంగతి తెలియని రచయిత ఒకే మనిషిని ఇద్దరిగా పరిగణించే ప్రమాదం ఉంది. తేదీల్లోనూ ఇంతే జాగ్రత్త అవసరం. సంప్రదాయ లెక్కలో శిశువు పుట్టగానే ఒక ఏడు వయసు వస్తుంది. చైనా గణతంత్ర సంవత్సరానికి 1911 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంటే గణతంత్రం 17 అని ఉన్నచోట 1928 అని అర్థం చేసుకోవాలి.

తరువాతి పని గ్రంథాలను చదవడం. ఇక్కడ చాలామంది చివరి ముద్రణ ఒక్కటే చదివి, రచయిత మొదటినుంచీ అదే అభిప్రాయంతో ఉన్నారని అనుకుంటారు. ఇది పెద్ద లోపం. కె.సి. చాంగ్ పేరుతో ప్రసిద్ధులైన జాంగ్ గ్వాంగ్‌జీ ప్రాచీన చైనా పురావస్తు విశేషాలపై ఆంగ్లంలో రాసిన గ్రంథం 1963, 1968, 1977, 1986 సంవత్సరాల్లో నాలుగు కూర్పులుగా వెలువడింది. తొలి కూర్పులో పసుపు నది మధ్య ప్రాంతం ఒక కేంద్రం; నాగరికత అక్కడినుంచి చుట్టూ వ్యాపించిందన్నది అందులోని ఆలోచన. నాలుగో కూర్పుకు వచ్చేసరికి, వేర్వేరు ప్రాంతాల సంస్కృతులు పరస్పర సంబంధాలతో కలిసి ఎదిగి చైనా నాగరికతకు రూపమిచ్చాయని ఆయన వాదించారు. ఈ మార్పు వెనుక మధ్యకాలంలో తీరప్రాంతాల్లోను, దక్షిణాదిలోను జరిగిన తవ్వకాలున్నాయి. మీకు సమయం తక్కువగా ఉంటే కనీసం నాలుగు ముందుమాటలను, నాలుగు ముగింపు అధ్యాయాలను వరుసగా చదవండి. కొత్త ఆధారం వచ్చినప్పుడు తన మాటను తానే సవరించుకోగలిగిన పండితుని నిజాయితీని అక్కడ కళ్లారా చూడవచ్చు.

రాజకీయ పరిస్థితులను విడిగా ఒక అధ్యాయంలో కుదించకుండా, కథనంలోనే భాగం చేయడం మేలు. జాంగ్ గ్వాంగ్‌జీ 1931లో బీజింగ్‌లో, తైవాన్‌కు చెందిన రచయిత ఇంట్లో పుట్టారు. 1946లో తైవాన్ చేరారు. 1949లో, విద్యార్థిగా ఉన్నప్పుడే అరెస్టయి సుమారు ఏడాదిపాటు జైలులో గడిపారు. ఆ తరువాతే ఆన్‌యాంగ్ తవ్వకాలకు నాయకత్వం వహించిన లీ జీ వద్ద చదువుకున్నారు. ఆ చదువు తైవాన్‌లో సాధ్యపడటానికి కూడా 1949లో ప్రధాన భూభాగం, తైవాన్ వేర్వేరు పాలనల కిందికి విడిపోవడమే కారణం. ఆ తవ్వకాలను నిర్వహించిన సంస్థ తన వస్తుసంపదలో చాలా భాగంతో ఆ ద్వీపానికి తరలిపోయింది. ప్రధాన భూభాగంలో ఉండిపోయినవారి కథలు వేరు. కవిగా మొదలై ఎముకల లిపిలో నిష్ణాతుడైన చెన్ మెంగ్‌జియా, 1956లో షాంగ్ శాసనాలపై మహాగ్రంథాన్ని ప్రచురించిన మరుసటి ఏడాదే ‘రైటిస్టు’ (కమ్యూనిస్టు పాలనకు వ్యతిరేకి) అనే ముద్రకు గురయ్యారు. సాంస్కృతిక విప్లవం తొలినాళ్లలో, 1966లో ఆత్మహత్య చేసుకున్నారు. ఇటువంటి మరణాల గురించి రాసేటప్పుడు తేదీని, పరిస్థితిని చెప్పి ఆగండి. చివరి క్షణాల్లో ఆయన మనసులో ఏముందో ఊహించి రాసే హక్కు మనకు లేదు.

విమర్శలను దాచకూడదు. షాంగ్ రాజును దేవతల లోకంతో సంబంధం పెట్టుకోగల పూనకపు పూజారిగా, కంచుపాత్రల మీది జంతురూపాలను ఆ ప్రయాణంలో సహాయకులుగా జాంగ్ భావించారు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో బోధించిన డేవిడ్ కైట్లీ దీన్ని అంగీకరించలేదు. ఎముకల మీద చెక్కిన జోస్యపు ప్రశ్నల్లో పూనకం కన్నా క్రమబద్ధత, దాదాపు కార్యాలయ వ్యవహారపు తీరు కనిపిస్తాయని ఆయన అభిప్రాయం. ఈ వివాదంలో ఎవరు గెలిచారో తీర్పు చెప్పడం జీవితచరిత్రకారుని బాధ్యత కాదు. ఒకరు వస్తువులను, ఆకృతులను, ఇతర సమాజాలతో పోలికలను ముందు చూశారు. మరొకరు శాసనాల్లోని వాక్యాలను ముందు చూశారు. అభిప్రాయభేదం ఎక్కడ మొదలైందో పాఠకునికి చూపగలిగితే మీ పని నెరవేరినట్టే.

చివరి పుటలను పురస్కారాల జాబితాతో నింపకుండా, అసంపూర్తిగా మిగిలిన పనికి కేటాయించండి. 1990లలో జాంగ్ ఒకవైపు పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూనే, హెనాన్ రాష్ట్రంలోని షాంగ్‌చియూ వద్ద షాంగ్ ప్రజల తొలి నగరం కోసం చైనా, అమెరికా పండితుల సంయుక్త అన్వేషణను నడిపించారు. ఆ ప్రదేశం పసుపు నది వరదలు తెచ్చిన మందమైన ఒండ్రు కింద ఉంది. పరిశోధక బృందానికి షాంగ్‌ల తరువాతిదైన తూర్పు జోవ్ కాలపు సోంగ్ రాజ్య నగర ప్రాకారం దొరికింది. వెతికిన షాంగ్ నగరం మాత్రం దొరకలేదు. ఆయన 2001 జనవరిలో మరణించారు. వెతికినది ఏమిటో, దొరికినది ఏమిటో, ఎన్ని మీటర్ల మట్టి అడ్డు నిలిచిందో తవ్వకాల నివేదికల నుంచి తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాయండి.