అడ్వెంచర్ అమ్మే ముందు లైసెన్సు తేల్చుకోండి

హనుమకొండలో నలుగురు కలిసి ఓరుగల్లు కోట నేపథ్యంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు పోషిస్తూ బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట) కోసం అడ్వెంచర్, అంటే ఆడుకోవడానికి సిద్ధం చేసిన కథ, రాసి పీడీఎఫ్ అమ్మాలనుకుంటే, బొమ్మల సంగతి తర్వాత. ముందు లైసెన్సు చూడండి.

ఈ ఆట నియమాలను ఇతరులు వాడుకోవడానికి వీలిచ్చే 2000 నాటి ఓజీఎల్ (ఓపెన్ గేమ్ లైసెన్స్) 1.0ఏ శాశ్వతమని రాసుంది గానీ, రద్దు చేయరానిదని ఎక్కడా లేదు. 2023 జనవరిలో బయటపడ్డ కొత్త లైసెన్సు ముసాయిదాలో, ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ కంపెనీ ఆ పాత లైసెన్సుకు ఇక గుర్తింపు లేదంది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం వరకు రాయల్టీ అడిగింది. మనకు అంత రాదు, నిజమే. షరతులు ఎప్పుడైనా మార్చేస్తారేమోనన్నదే అసలు భయం. ఆటగాళ్లు భగ్గుమన్నాక, అదే నెల 27న ఆట మూల నియమాల పత్రమైన ఎస్ఆర్‌డీ 5.1ని క్రెడిట్ ఇస్తే ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ బై 4.0 లైసెన్సు కింద వదిలారు. దీన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు.

అందుకే నియమాలు ఆ ఎస్ఆర్‌డీ నుంచే తీసుకోండి. అందులోని క్రెడిట్ వాక్యాన్ని అక్షరం మార్చకుండా వేయండి. అట్ట మీద ‘5ఈ కంపాటిబుల్’ (ఆట ఐదో ఎడిషన్‌కు సరిపోతుందని) అని వేస్తే చాలు, ఆట లోగో జోలికి పోవద్దు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది రాక్షసుల దగ్గర: మైండ్ ఫ్లేయర్, బిహోల్డర్ వివరాలు ఎస్ఆర్‌డీలో ఇవ్వలేదు. కీర్తితోరణం దగ్గర కాపలాకు మీ సొంత భూతాన్నే పెట్టుకోండి. మీ కథ, పేర్లు, పటాలు మీవే. వాటిని కూడా ఉచితంగా వదలాలన్న షరతేమీ లేదు.