పెద్ద ట్రక్కు ఇచ్చేసి మిడ్‌సైజు తెచ్చుకునే ముందు గరాజ్ కొలవండి

పోయిన ఆదివారం పొద్దున మా వీధి చివర అద్దెకుంటున్న ఖమ్మం కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, బండి మార్చేశాను. ఒకసారి వచ్చి చూస్తావా?" కొత్త బండి కొన్నవాడి గొంతులా లేదు. వెళ్ళి చూస్తే మిడ్‌సైజు పికప్ (వెనక సామాన్ల తొట్టి ఉండే ట్రక్కు) గరాజ్‌లోనే ఉంది కానీ వెనక బంపర్ అయిదారు అంగుళాలు గడప దాటి బయటే ఉండిపోయింది. ముందు బంపర్ గోడకు వేసిన ఇనుప ర్యాకును ఆనుకుని ఉంది. ఇంక వేలెడు కూడా ముందుకు జరగదు. తలుపు దింపితే నేరుగా బండి మీదికే దిగుతుంది. గరాజ్‌లో పట్టట్లేదనే కదా ఫుల్‌సైజు ఇచ్చేసి దీన్ని తెచ్చుకుంది! పైగా పాత లోన్‌లో తేలిన అయిదు వేల డాలర్ల బాకీని కొత్త లోన్‌లో కలిపించుకుని మరీ తెచ్చుకున్నాడు.

"కొనే ముందు కొలిచావా?" అని అడిగితే "మిడ్‌సైజే కదా అన్నా" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. డల్లాస్ ఉత్తరం వైపు, ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్, మెకినీలకు కొత్తగా వచ్చి, ఏడాది తిరక్కుండా పెద్ద పికప్ కొనేసి, ఇప్పుడు దాన్ని చిన్నదానికి మార్చాలా వద్దా అని తలపట్టుకున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది. లైసెన్సు, క్రెడిట్ స్కోరు, రిజిస్ట్రేషన్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాటి జోలికి నేను వెళ్ళను.

నేను 2018లో వచ్చాను. ఆఫీసు పార్కింగ్‌లో ఎటు చూసినా పెద్ద ట్రక్కులే. టెక్సాస్‌లో ఉన్నాక ట్రక్కు లేకపోతే ఎలా అనుకుని, ఆరు నెలల్లోనే ఒక సెకండ్ హ్యాండ్ ఫుల్‌సైజు క్రూ క్యాబ్, అంటే నాలుగు తలుపులు, వెనక కూడా సీట్లు ఉన్నది, తీసుకున్నాను. 72 నెలల లోను. క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి వడ్డీ గట్టిగానే పడింది. "ఏ గరాజ్‌లోనైనా పడుతుంది" అన్నాడు అమ్మినతను. నమ్మాను. ఇంటికి తెస్తే పట్టలేదు. సరేలే, బయట పెడితే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఏమవుతుందో ఏప్రిల్‌లో తెలిసింది. మాది జగిత్యాల దగ్గర పల్లె. రాళ్ళవాన నాకు కొత్తేం కాదు. వేసవిలో మబ్బు పట్టి చల్లగాలి మొదలైతే మా నాన్న మామిడి తోట వైపు చూస్తూ అరుగు మీద కూలబడిపోయేవాడు. అక్కడ నేను చూసినవి శనగగింజంత, మహా అయితే రేగుపండంత. ఇక్కడ ఆ సాయంత్రం పడ్డవి నిమ్మకాయలంత. ఊరి తుఫాను హెచ్చరిక సైరన్ మోగుతోంది, నేను కిటికీ దగ్గర నిలబడి నా బండి మీద రాళ్ళు పడుతుంటే చూస్తూ ఉండిపోయాను. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. బయటికి వెళ్ళి బానెట్ మీద అరచేత్తో నిమిరాను. చెయ్యి పెట్టిన చోటల్లా సొట్టే. కంటికి సగం కూడా కనపడవు, చేతికి మాత్రం ఒక్కొక్కటీ తగులుతుంది.

వడగళ్ళ నష్టం ఇన్సూరెన్సులో కాంప్రహెన్సివ్ కవరేజీ కిందికి వస్తుంది. లోన్ ఉన్న బండి కాబట్టి నాకు అది ఉంది. అయినా డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు ఇచ్చే ముందు మనం పెట్టుకోవాల్సిన వాటా, వెయ్యి డాలర్లు నా చేతి నుంచే పోయాయి. సొట్టలు తీసే షాపుల ముందు ఊరంతా క్యూ కట్టింది. నా వంతు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఈలోగా బండి అమ్మేద్దామని అడిగితే సొట్టల బండికి ఎవరూ సరైన రేటు చెప్పలేదు. నేను బ్యాంకుకు కట్టాల్సిందే బండి విలువ కన్నా ఎక్కువైంది. అప్పటికి నేను ఈ దేశం వచ్చి ఏడాది కాలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బండి బాగుందా అని నాన్న అడిగితే బాగుందనే చెప్పాను.

ఇంకో మాట. అల్యూమినియం మీద సొట్ట తీయడం స్టీలు మీద తీసినంత తేలిక కాదు, ఖర్చూ ఎక్కువే. ఫోర్డ్ వాళ్ళ ఫుల్‌సైజు ట్రక్కు ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియమే.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదు. 1995 మే 5న ఫోర్ట్‌వర్త్‌లో మేఫెస్ట్ ఉత్సవానికి వచ్చి బయట ఉన్న జనం మీద సాఫ్ట్‌బాల్ అంత (క్రికెట్ బంతి కన్నా పెద్ద) రాళ్ళు పడ్డాయి. 2016 ఏప్రిల్ 11న మనకు పక్కనే ఉన్న వైలీలో ఇళ్ళ కప్పులు, కిటికీ అద్దాలు పగిలిపోయాయి. మార్చి నుంచి జూన్ దాకా ఈ ప్రాంతంలో ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటాయి. అందుకే ట్రక్కు సంగతి ఎవరు అడిగినా నేను ముందు గరాజ్ గురించే అడుగుతాను. నా భార్యకు ఈ పాట విని విని విసుగొచ్చింది. అయినా అడుగుతాను.

ఇప్పుడు కొలతలు. అయిదున్నర అడుగుల బెడ్ (వెనక సామాన్ల తొట్టి) ఉన్న ఎఫ్-150 సూపర్‌క్రూ, అంటే నాలుగు తలుపులది, పొడవు సుమారు 232 అంగుళాలు. మిడ్‌సైజుల్లో అయిదడుగుల బెడ్ ఉన్న 2024 టొయోటా టకోమా డబుల్ క్యాబ్ (ఇదీ నాలుగు తలుపులదే) 213. హోండా రిడ్జ్‌లైన్ 210. షెవ్రోలే కొలరాడో 213. అంటే అడుగున్నర పైనే తేడా ఉంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, మిడ్‌సైజులోనే ఆరడుగుల బెడ్ తీసుకుంటే ఆ తేడా చాలావరకు ఆవిరైపోతుంది. 2023 దాకా వచ్చిన టకోమా డబుల్ క్యాబ్ లాంగ్ బెడ్ 225 అంగుళాల పైమాటే. నిస్సాన్ ఫ్రాంటియర్ లాంగ్ బెడ్ 224. ఖమ్మం కుర్రాడు తెచ్చుకున్నది ఇలాంటి లాంగ్ బెడ్డే. "బెడ్ పెద్దదుంటే సామాన్లు ఎక్కువ పడతాయి కదా అన్నా" అన్నాడు. పడతాయి, నిజమే. బండి మాత్రం గరాజ్‌లో పట్టదు.

వెడల్పు కూడా చూడండి. మన వైపు చాలా ఇళ్ళకు పదహారు అడుగుల పెద్ద తలుపు ఒకటి ఉంటుంది, కొన్నింటికి ఎనిమిదేసి అడుగుల చిన్న తలుపులు రెండుంటాయి. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు. ఎఫ్-150 సైడు అద్దాలు తెరిచి ఉంచితే దాని వెడల్పూ దాదాపు 96. అద్దాలు మడవకుండా లోపలికి పోనిస్తే ఏదో ఒక అద్దం ఊడి చేతికి వస్తుంది.

కొలిచేటప్పుడు గోడ నుంచి గోడకు కొలవకండి. గరాజ్ తలుపు పూర్తిగా దింపి, దాని లోపలి వైపు నుంచి బంపర్ ఎత్తులో టేపు పట్టుకుని, ముందు ఏది అడ్డమొస్తే అక్కడిదాకా కొలవండి. అది వంటింట్లోకి ఎక్కే మెట్టు కావచ్చు, వాటర్ హీటర్ దిమ్మె కావచ్చు, బియ్యం బస్తాలు పెట్టుకున్న ర్యాకు కావచ్చు. మన ఇళ్ళలో గరాజ్ అంటే సగం స్టోరు రూమే. వెనక హిచ్‌కి (ట్రైలర్ తగిలించే కొక్కేనికి) బాల్ మౌంట్ అనే ఇనుప ముక్క తగిలించి ఉంటే అది కంపెనీ చెప్పే పొడవులో కలవదు, అదింకో ఎనిమిది తొమ్మిది అంగుళాలు. అద్దె ఇల్లయితే, వచ్చే ఏడు మారబోయే ఇంటి గరాజ్ కూడా ఇంతే ఉంటుందన్న హామీ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవాళ్ళు కప్పున్న పార్కింగ్ స్తంభాల మధ్య ఎంత చోటుందో చూసుకోండి. ఇదంతా పది నిమిషాల పని. పది నిమిషాల పనికి బద్ధకించి ఆరేళ్ళ లోన్ మీద సంతకం పెట్టేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది, ఏమనుకోకండి.

మైలేజీ కోసం మారుస్తున్నామనేవాళ్ళు ఈపీఏ (ప్రభుత్వ పర్యావరణ సంస్థ) ఇచ్చే అంకెలు ఒకసారి చూడండి. 2.7 లీటర్ల టర్బో టూవీల్ డ్రైవ్ ఎఫ్-150, పాత వీ6 టకోమా, రెండూ కంబైన్డ్‌లో (సిటీ, హైవే కలిపి) గ్యాలన్‌కి 20 నుంచి 22 మైళ్ళ మధ్యే ఉంటాయి. గ్యాస్ (పెట్రోల్) మీద మిగిలేది ఏమంత ఉండదు.

వెనక సీటు మాత్రం పెద్ద విషయం. ఎఫ్-150 సూపర్‌క్రూలో వెనక కాళ్ళకు 43.6 అంగుళాల జాగా ఉంటుంది. కొత్త టకోమాలో 33.7. రిడ్జ్‌లైన్‌లో 36.7. పది అంగుళాలు తగ్గితే ఏమవుతుందో అంకె చూస్తే తెలియదు, పసిబిడ్డ సీటు వెనక్కి తిప్పి బిగిస్తే తెలుస్తుంది. ముందు సీటు డ్యాష్‌బోర్డు దాకా జరపాల్సి వస్తుంది, అందులో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు గ్లవ్‌బాక్స్‌కి తగులుతాయి. టెక్సాస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల కన్నా పొడవు ఉంటే తప్ప, చైల్డ్ సీటులోనే కూర్చోవాలి. అంటే ఇది ఏళ్ళ తరబడి పడాల్సిన ఇబ్బంది. మన కుర్రాడి భార్యకు ఇప్పుడు ఆరో నెల. వాళ్ళ అత్తమ్మకు టికెట్ కూడా బుక్ అయింది. ఆవిడ ఆరు నెలలు ఉంటారు, మోకాళ్ళ నొప్పులు. డీలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చైల్డ్ సీటు వెంట తీసుకెళ్ళి బిగించి చూడండి. ఎవరూ కాదనరు. ఇంట్లో పొడుగ్గా ఉన్నవాళ్ళను దాని పక్కన కూర్చోబెట్టండి. అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనూ ఎక్కించి దింపి చూడండి. మా అమ్మ వచ్చినప్పుడు నా పెద్ద ట్రక్కు ఎక్కడానికి ప్లాస్టిక్ స్టూలు వేసేవాణ్ణి. గుడి పార్కింగ్‌లో నలుగురి ముందు ఆ స్టూలు ఎక్కడం ఆవిడకు ఎంత మొహమాటంగా ఉండేదో నాకు ఆలస్యంగా అర్థమైంది.

పడవో, పెద్ద ట్రైలరో లాగేవాళ్ళయితే పెద్దదే ఉంచుకోండి. టకోమా గరిష్ఠంగా 6,500 పౌండ్లు, రిడ్జ్‌లైన్ 5,000 లాగుతాయి. ఏడాదికి రెండుసార్లు సోఫా మోయడానికైతే హోమ్ డిపోలో గంటల లెక్కన పికప్ అద్దెకిస్తారు.

ఇక డబ్బు. బ్యాంకు దగ్గర పేఆఫ్ మొత్తం, అంటే లోన్ ఇవాళే తీర్చేయాలంటే కట్టాల్సింది, ఎంతో తెలుసుకోండి. తర్వాత మీ బండికి మూడు చోట్ల రేటు కాగితం మీద రాయించుకోండి. పేఆఫ్ 31,000 ఉండి బండికి 26,000 ఇస్తామంటే మిగతా 5,000 మాయం కావు, కొత్త లోన్‌లో కలిసిపోయి దాని మీదా వడ్డీ నడుస్తుంది. నెల పేమెంట్ తగ్గింది చూడండి అని డీలర్లు చూపిస్తారు. లోన్‌ను 84 నెలలకు సాగదీస్తే ఎవరికైనా తగ్గుతుంది. వాళ్ళు నెల లెక్క చెప్పినప్పుడల్లా మీరు మొత్తం ఎంత కట్టాలో అడగండి. బాకీ తేలుతుంటే ఆరు నెలలు ఆగండి, అసలులోకి అదనంగా కడుతూ రండి. మన కుర్రాడు ఆగి ఉండాల్సింది.

బాకీ లేనివాళ్ళకు ఒక లాభం ఉంది. టెక్సాస్‌లో బండి మీద సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం. పాత బండి ట్రేడ్-ఇన్‌గా, అంటే కొత్తది కొనే డీలర్‌కే, ఇస్తే దాని విలువ తీసేసి మిగతా దాని మీదే ట్యాక్స్ వేస్తారు. 40,000 బండికి 25,000 ట్రేడ్-ఇన్ ఇస్తే ట్యాక్స్ 2,500 బదులు 937.50 అవుతుంది. బయట అమ్మితే ఇంకో వెయ్యి ఎక్కువ వస్తుందని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఇంత చదివాక కొందరికి టెన్షన్ వచ్చి ఉంటుంది. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, కొంప మునిగేదేమీ లేదు. నేను ఆ సొట్టల బండినే మరో రెండేళ్ళు నడిపి, లోన్ తగ్గించుకుని, షార్ట్ బెడ్ మిడ్‌సైజుకి మారాను. ఇప్పుడు ఏప్రిల్‌లో సైరన్ మోగినా నిద్రపోతున్నాను. తప్పు బండి కొన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, అందరూ మెల్లగా గట్టెక్కారు. మీరూ గట్టెక్కుతారు.

ఆదివారం సంగతి చెప్పి ఆపుతాను. టేపు తీసి కొలిస్తే తలుపు నుంచి గోడకు 238 అంగుళాలు ఉంది. ర్యాకు 18 తినేసింది, మిగిలింది 220. ర్యాకును పక్క గోడకు మారిస్తే కొత్త బండి పడుతుంది. ఆ మాటకొస్తే 232 అంగుళాల పాత బండీ ఆరంగుళాల సందుతో పట్టేది. ఆ ముక్క బయటికి అనలేదు కానీ టేపు మీది అంకె కుర్రాడూ చూశాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తర్వాత బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, ఖాళీ సూట్‌కేసులు దింపి ర్యాకు జరిపాం. రెండు గంటలు పట్టింది. బండి లోపలికి తెచ్చి తలుపు దింపితే దిగింది. ముందు పన్నెండు అంగుళాలు మిగిలింది. ముందద్దానికి సరిగ్గా తగిలేలా పైకప్పు నుంచి దారంతో ఒక టెన్నిస్ బంతి వేలాడదీశాం. బంతి తగలగానే బ్రేకు వేయమని వాళ్ళావిడకు చూపించాను. ఆవిడ మూడుసార్లు వెనక్కీ ముందుకీ నడిపి, మూడోసారికి బంతి ఊగకుండా ఆపింది.