టీ కొట్టుకు గిరాకీ తగ్గిందా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మందు

టీ బాగాలేదని ముఖం మీద చెప్పేవారు చాలా అరుదు. పది పదిహేను రూపాయల దానికి పేచీ ఎందుకని సగం తాగి, కప్పు పడేసి, మర్నాటి నుంచి ఎదురు కొట్టుకు వెళ్తారు. కాబట్టి యజమానికి అసలు సంగతి చెప్పేది చెత్తడబ్బాయే. రాత్రి కొట్టు కట్టేసే ముందు ఒకసారి అందులోకి చూడండి. కప్పుల్లో టీ మిగిలి ఉంటే లోపం టీలో ఉంది. కప్పులన్నీ ఖాళీగా ఉన్నా మనుషులు తగ్గుతున్నారంటే లోపం టీ చుట్టూ ఉంది. మొదటి రకం లోపాలతో మొదలుపెడదాం. నలభై రకాల టీల బోర్డు రాయించే ఆలోచన ఉంటే దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

నిన్నటి రుచి ఇవాళ లేదు

టీ కొట్లకు వచ్చే జబ్బుల్లో పెద్దది ఇదే. జనానికి గొప్ప రుచి కావాలని యజమానులు అనుకుంటారు. నిజానికి వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది నిన్న తాగిన టీ కోసం. మామూలు టీ అయినా ఏడాది పొడవునా ఒకేలా ఉంటే ఆ కొట్టు నిలుస్తుంది. సోమవారం అమృతం, మంగళవారం కషాయం అయితే బుధవారం ఎవరూ రారు.

కారణం కోసం ముందు పాలు చూడండి. టోన్డ్ పాల ప్యాకెట్‌లో వెన్న 3 శాతం, స్టాండర్డ్ పాలలో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. రోజూ తీసుకునే రకం అయిపోయిందని డీలర్ ఇచ్చింది తెచ్చుకుంటే, మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఆ రోజు టీ చిక్కదనం మారిపోతుంది. విడిగా పోయించుకునే గేదె పాలలో చిక్కదనం కాలాన్ని బట్టి, పోసేవారి మనసును బట్టి మారుతుంది. పాల తర్వాత అనుమానించవలసింది పొడిని. మన కొట్లలో వాడేదంతా దాదాపు సీటీసీ రకమే (ఆకును యంత్రాల్లో నలిపి, చింపి, చుట్టి చేసేది) అయినా అందులో డస్ట్ అనే మెత్తటి పొడి వేరు, గుళ్ళు వేరు. డస్ట్ త్వరగా దిగుతుంది, రంగు ఎక్కువ. గుళ్ళు నిదానంగా దిగుతాయి. హోల్‌సేల్ వ్యాపారి ఈసారి ఒకటి, వచ్చేసారి మరొకటి ఇస్తే, మీరు అదే ఐదు నిమిషాలు మరిగించినా వచ్చేది అదే టీ కాదు.

మూడోది చెయ్యి. "మా చెయ్యే కొలత" అని టీ మాస్టర్లు గర్వంగా అంటారు. ఒప్పుకుందాం. ఆ చెయ్యి పెళ్ళికి ఊరెళ్ళిన రోజున ఎవరి పిడికిలితో కొలవాలి?

చేయవలసింది: చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనండి. లీటరు పాలు, అర లీటరు నీళ్ళు, 30 నుంచి 35 గ్రాముల పొడి, ఇంత చక్కెర, ఇన్ని నిమిషాలు అని మొదలుపెట్టి, మీ పొడికి తగినట్టు సవరించుకోండి. కుదిరిన కొలతను పొయ్యి పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆ కొలత పట్టే డబ్బా మూత ఒకటి పొడి డబ్బాలోనే పడి ఉండాలి. టోన్డ్ పాలు తప్పనిసరి అయిన రోజు నీళ్ళు తగ్గించండి. కొత్త పొడి వచ్చినప్పుడు పాత సంచి అయిపోకముందే రెండింటినీ పక్కపక్కన కాచి రుచి చూడండి. ఒక్కసారే పాలూ పొడీ రెండూ మార్చకండి, తేడా దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు.

వగరు, చేదు, మాడు వాసన

తాగినవారు మూడింటినీ కలిపి "బాగాలేదు" అనేస్తారు. మీరు విడదీయాలి. నాలుక పిడచకట్టినట్టు ఉంటే వగరు. పొడి పొయ్యి మీద అవసరానికి మించి ఉందన్నమాట. రంగు, వాసన మొదటి కొద్ది నిమిషాల్లోనే దిగుతాయి, ఆ తర్వాత దిగేది ఎక్కువగా వగరే. గొంతులో నిలిచిపోయే చేదు అయితే, పాత పిప్పి పారేయకుండా దాని మీదే కొత్త పొడి వేస్తున్నారు. పొదుపు అనుకుంటారు గానీ కొత్త పొడి రుచిని కూడా ఆ పిప్పే చెడగొడుతుంది. దిగగానే వడకట్టి డికాషన్‌ను విడిగా ఉంచండి, పిప్పిని మొక్కలకు వేయండి.

మాడు వాసన పాలది. గిన్నె అడుగు పలచన, మంట ఎక్కువ. పాలు పోసే ముందు గిన్నెలో కాసిని నీళ్ళు పోయండి, అడుగు మందంగా ఉన్న గిన్నె వాడండి. అడుగంటిన తర్వాత గరిటెతో గీకితే వాసన పైకంతా పాకుతుంది. కదపకుండా పై పాలు వేరే గిన్నెలోకి వంచి రుచి చూడండి. వాసన పట్టి ఉంటే యాలకులు వేసి కప్పిపుచ్చాలని చూడకండి. యాలకుల వాసన గల మాడు టీ తయారవుతుంది, అంతే.

బట్టతో వడకట్టేవారికి ఇంకో మాట. మధ్యాహ్నం నుంచి టీలో పులిసిన వాసన వస్తోందంటే ఆ గుడ్డను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోండి. వేడినీళ్ళలో మరిగించి, ఎండలో ఆరేసి, తరచూ కొత్తది మార్చాలి.

రంగు దండిగా ఉంది, రుచి లేదు

పొడి మీద అనుమానపడండి. వాడేసిన టీ ఆకును ఎండబెట్టి రంగు కలిపి అమ్మడం పాత మోసం. దీన్ని కొట్లోనే పట్టుకోవచ్చు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పే తేలిక పరీక్ష ఇది: వడపోత కాగితం మీద కాస్త పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, తర్వాత కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మరకలు కనబడితే ఆ రంగు ఆకుది కాదు. పొడి మీదుగా అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉన్నదీ లేనిదీ తేలుతుంది. లూజు పొడి మరీ చౌకగా ఎవరైనా ఇస్తున్నారంటే కొనేముందే ఈ రెండూ చేయండి.

పాలు విరిగిపోతున్నాయి

ఎప్పుడు విరిగాయన్నదాన్ని బట్టి కారణం చెప్పవచ్చు.

కాగుతుండగానే విరిగితే పాలు పాతవి. పొద్దున బాగుండి మధ్యాహ్నం విరిగితే, పొద్దున తెచ్చిన ప్యాకెట్లు ఎండలోనో పొయ్యి పక్కనో ఉండిపోయాయి. ఐస్ పెట్టె లేకపోతే రెండు విడతలుగా తెప్పించుకోండి.

అల్లం వేసినప్పుడే విరిగితే పాలవాణ్ణి తిట్టకండి. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మరుగు దాకా రాని వేడి పాలలో అది బాగా పనిచేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు ఇదే గుణాన్ని ఉపయోగించుకుని, అల్లం రసం మీద వేడి పాలు పోసి గడ్డ కట్టించి మిఠాయిలా తింటారు. మనకు గడ్డ వద్దు కాబట్టి, దంచిన అల్లాన్ని ముందు నీళ్ళలో పొడితో పాటు తెర్లే దాకా మరిగించండి. మరుగులో ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాతే పాలు. కాగిన పాలలోకి చివర్లో పచ్చి అల్లం తురిమి వేసే అలవాటు మానుకోండి.

బెల్లం టీకి ఈ మధ్య గిరాకీ పెరిగింది, విరిగే కేసులూ పెరిగాయి. బెల్లంలో ఉండే పులుపు, లవణాలు మరిగే పాలకు పడవు. బెల్లాన్ని కాసిని నీళ్ళలో కరిగించి, వడకట్టి, విడిగా ఉంచుకోండి. టీ పొయ్యి మీద నుంచి దించి, పొంగు ఆగాక, ఆ పాకాన్ని కప్పులోనే కలిపి ఇవ్వండి. మళ్ళీ పొయ్యి ఎక్కించవద్దు.

ఇవేవీ కాకపోతే జల్లెడ చూడండి. లెమన్ టీ వడకట్టిన జల్లెడతోనే పాల టీ వడకడుతున్నారేమో.

పైన తెట్టు కడుతోంది

మీగడ అయితే మందంగా, తెల్లగా, వేలికి ఒకటిగా వస్తుంది. అది పాలు మంచివని చెప్పే గుర్తు, ఇష్టం లేనివారికి వడకట్టి ఇస్తే చాలు. సన్నగా, గోధుమ రంగులో, కప్పు అంచుకు చారలా అంటుకునే తెట్టు వేరు. అది నీళ్ళ వల్ల వస్తుంది. బోరు నీళ్ళలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీ ద్రవ్యాలతో కలిసి అలా తేలతాయి. టీ ముదురు రంగులో ఉన్నా రుచి చప్పగా ఉంటుంది. ఒక గిన్నె బోరు నీళ్ళతో, ఒక గిన్నె క్యాన్ నీళ్ళతో కాచి పక్కపక్కన పెట్టండి. తేడా కంటికే కనబడితే టీకి మాత్రం క్యాన్ నీళ్ళు, గ్లాసులు కడగడానికి బోరు నీళ్ళు.

ఫ్లాస్కు టీ

"వేడిగా ఉందా?" అని అడిగి మరీ తీసుకుంటున్నారంటే ఇంతకుముందు ఎప్పుడో చల్లటి టీ ఇచ్చారు. వేడి నిలిచినా ఫ్లాస్కులో పాల టీ రుచి నిలవదు. రద్దీ వేళల్లో గంటకు సరిపడానే కాచండి. రద్దీ లేని వేళల్లో డికాషన్ ఒకవైపు, పాలు ఒకవైపు ఉంచుకుని అడిగినప్పుడు కలపండి. రెండు నిమిషాలు ఆగమంటే జనం ఆగుతారు, కళ్ళెదుట కలుపుతుంటే ఇంకా సంతోషంగా ఆగుతారు. ఫ్లాస్కు మూతలోని రబ్బరు వలయాన్ని ఊడదీసి కడగనిదే పాత వాసన పోదు.

ఇరానీ చాయ్ బోర్డు ఉంది, ఇరానీ చాయ్ లేదు

హైదరాబాద్‌లో అయితే ఇది వెంటనే బయటపడుతుంది. ఇరానీ చాయ్‌లో డికాషన్ మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద దమ్ మీద ఉంటుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. అన్నీ ఒకే గిన్నెలో మరిగించి, కాస్త పాలపొడి కలిపి ఆ పేరు పెడితే పాతబస్తీ నుంచి వచ్చినవాడు ఒక గుక్కకే పట్టేస్తాడు. చేతనైతే రెండు పాత్రలు పెట్టండి, చేతకాకపోతే బోర్డు మార్చండి. "అల్లం టీ" అని రాసి మంచి అల్లం టీ ఇచ్చినా ఎవరూ తప్పుపట్టరు. పక్కన పెట్టే ఉస్మానియా బిస్కట్లు వానాకాలంలో మెత్తబడకుండా బిగుతు మూత ఉన్న సీసా వాడండి.

తీపి

ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ. గిన్నెలో కలిపేది తక్కువగా ఉంచి, చక్కెర డబ్బా చెంచాతో సహా బల్ల మీద పెడితే సగం గొడవ తీరుతుంది. చక్కెర లేని టీ అడిగేవారు ఇప్పుడు ప్రతి కొట్లోనూ ఉన్నారు, వాళ్ళ కోసం చిన్న గిన్నె విడిగా ఉండాలి. "ఇప్పుడే కలిపేశాను సార్, కొంచెమే తీపి" అంటే మధుమేహం ఉన్న మనిషి మళ్ళీ ఆ వైపు చూడడు.

టీ బాగుంది, అయినా రావడం లేదు

ఇక టీ చుట్టూ ఉన్న లోపాలు. ముందు గ్లాసు. ఒకే బకెట్‌లో ముంచి తీసి, అదే చేత్తో టీ పోయడం ఎదురుగా నిలబడినవారికి కనిపిస్తుంది. ముందు చన్నీళ్ళతో పాల జిడ్డు వదిలించి, సబ్బుతో తోమి, చివర మరిగే నీళ్ళతో కడిగి బోర్లించాలి. కాగితం కప్పులు పెడితే ఈ బాధ ఉండదని కొందరు మారిపోయారు. అయితే వాటి లోపల పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు చెప్పారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు 2022 జులై 1 నుంచి నిషేధంలోనే ఉన్నాయి. శుభ్రంగా కడిగిన గాజు గ్లాసుకే నా ఓటు. పార్సిల్ టీని పాలిథిన్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు చుట్టి ఇవ్వడం మానండి. ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకున్నవారికి రెండు రూపాయలు తగ్గించండి, తెస్తారు.

ఆడవారు, పిల్లలతో వచ్చేవారు కొట్టు ముందు ఆగడం లేదంటే చాలాసార్లు కారణం సిగరెట్ పొగ. టీతో పాటు సిగరెట్ అమ్మకం లాభమే కావచ్చు, కానీ రాకుండా పోయినవారి లెక్క గల్లాపెట్టెలో కనబడదు. ఫలహారశాలల్లాంటి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం 2008 అక్టోబరు 2 నుంచి నిషేధం కూడా. బల్లల దగ్గర కుదరదని మర్యాదగా, ప్రతిసారీ, అందరికీ చెప్పండి. ఒక్క పాత స్నేహితుణ్ణి మినహాయిస్తే ఆ మాట ఇంకెవరూ వినరు.

చిల్లర గొడవ ఇంకా పోలేదు. ఫోనుతో చెల్లించేవారు పెరిగినా, పొద్దున్నే వచ్చే కూలీలు, పెద్దవాళ్ళు నోట్లే ఇస్తారు. చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టడం చాలామందికి అవమానంగా తోస్తుంది. పది రూపాయల నాణేలు చెల్లవని మన రెండు రాష్ట్రాల్లో పాతుకుపోయిన పుకారు ఒకటి ఉంది. అప్పటికి 14 రకాల అచ్చుల్లో వచ్చిన పది రూపాయల నాణేలన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టం చేసింది. మీరు తీసుకోవడం మొదలుపెడితే మీ చిల్లర కష్టం కూడా తగ్గుతుంది. "వన్ బై టూ" అడిగితే ముఖం చిట్లించకుండా చిన్న గ్లాసుకు వేరే ధర పెట్టండి. ఆఫీసు పక్కన కొట్లకు ఇది బాగా నడుస్తుంది.

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గిరాకీ పడిపోతే టీలో లోపం వెతకకండి. 42 డిగ్రీల ఎండలో రెండు గంటలకు టీ ఎవరూ అడగరు. ఆ వేళకు మజ్జిగ, నిమ్మరసం పెట్టండి, లేదా ఒంటిగంటకు కట్టేసి నాలుగింటికి తెరవండి. తెరిచే వేళ మాత్రం రోజూ నాలుగే కావాలి.