ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసే ముందు విండోస్‌లో ముగించాల్సిన పనులు

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. నాలుగైదు తెరలు దాటితే చాలావరకు అరగంటలో అయిపోతుంది. డేటా పోయిందనో, విండోస్ తెరుచుకోవడం లేదనో వచ్చే గోల ఎక్కువగా ఆ అరగంటకు ముందు విండోస్‌లో చేయకుండా వదిలేసిన పనుల వల్లే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిశాక పాత మిషన్‌ను లినక్స్‌కు మారుద్దామనుకునేవాళ్లకైనా, విండోస్ 11 పక్కనే లినక్స్ పెట్టుకునేవాళ్లకైనా జాగ్రత్తలు దాదాపు ఇవే.

ముందు బ్యాకప్. సి డ్రైవ్‌లోవి డి డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు, రెండూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌కు పెట్టి కొన్ని ఫైళ్లు తెరిచి చూడండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీద పడేసిన ఫోల్డర్లు జనం తరచూ మరిచిపోయేవి. విండోస్ ఉంచుకునేవాళ్లు దాని ఇన్‌స్టాలర్‌తో కూడా ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోవాలి. విండోస్ బూట్ అవ్వడం మానేశాక అదే మిషన్‌లో దాన్ని తయారుచేయలేరు కదా.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసేది బిట్‌లాకర్, అంటే డిస్కులోని డేటాకు తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ సౌకర్యం. 'నేనెప్పుడూ ఆన్ చేయలేదే' అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' పేరుతో అది తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సిస్టమ్‌ను మొదలుకానివ్వని రక్షణ) ఆపినా, బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మిషన్ సెట్టింగులు) కొన్ని సెట్టింగులు మార్చినా, తాళం కీ దాచుకునే టీపీఎం చిప్ తాళం తీయడానికి ఒప్పుకోదు. నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఆ డిస్కులోని డేటా ఇక రాదు, ఏ రిపేరు దుకాణమూ తీసివ్వలేదు. కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ఇప్పుడే చూసి, కాగితం మీద రాసిపెట్టుకోండి. బిట్‌లాకర్‌ను 'సస్పెండ్' (తాత్కాలికంగా ఆపడం) చేస్తే అది మామూలుగా ఒక్క రీస్టార్ట్‌కే పనిచేస్తుంది, తర్వాత రక్షణ తిరిగి మొదలవుతుంది. పదేపదే రీస్టార్ట్ చేయాల్సిన పని కాబట్టి ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తీసేయడమే మేలు. డిస్కు పెద్దదైతే గంటలు పట్టవచ్చు.

తర్వాత పవర్ ఆప్షన్స్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆపండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు.

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ సొంత మోడ్‌లో ఉంటుంది. అప్పుడు ఇన్‌స్టాలర్‌కు లోపలి డిస్కు కనిపించకపోవచ్చు. బయాస్‌లోకి వెళ్లి నేరుగా ఏహెచ్‌సీఐ అనే మామూలు డిస్కు మోడ్‌కి మార్చారో, విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది. ముందు విండోస్‌లో సేఫ్ మోడ్ బూట్‌ను ఎంచుకుని, రీస్టార్ట్‌లో బయాస్ తెరిచి మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ తర్వాతే మామూలు బూట్‌కు మారాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా పాస్‌వర్డ్ గుర్తుండాలి.

సి డ్రైవ్‌ను కుదించి (ష్రింక్ చేసి) లినక్స్‌కు జాగా తీయడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి. లినక్స్‌కు 50 నుంచి 60 జీబీ ఉంటే ఇరుకు ఉండదు. సి డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ ఉన్నా కొద్దిగానే ష్రింక్ అవుతానంటే, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు కదలకుండా మధ్యలో కూర్చున్నాయని అర్థం. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. వచ్చిన ఖాళీని కొత్త డ్రైవ్‌గా చేయకుండా అలాగే వదిలేయాలి.

లినక్స్ ఇన్‌స్టాలర్‌కు పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు, అందులోని పాతవన్నీ చెరిగిపోతాయి. దింపుకున్న ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఉన్న ఫైలు) ఎస్‌హెచ్‌ఏ256 విలువను, అంటే ఫైలు చెడిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి దాన్ని, పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్‌తో తీసి, అధికారిక సైట్‌లో ఇచ్చిన 64 అక్షరాలతో పోల్చండి. ఇన్‌స్టాల్ మధ్యలో కారణం లేకుండా ఆగిపోయే మిషన్లలో కొన్నింటికి చెడిన ఐఎస్ఓనే మూలం. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నదే ఎంచుకోండి. ఉబుంటు, ఫెడోరా, మింట్, డెబియన్ వంటి లినక్స్ రకాలు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా బూట్ అవుతాయి, అలవాటుగా దాన్ని ఆపేయనక్కర్లేదు. వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకుండా లైవ్‌లో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌లో) వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, తెర వెలుతురు, మూత మూసి తెరిస్తే మేలుకుంటుందా అన్నవి చూడండి. వైఫై రాకపోతే ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి.

ఛార్జర్ తగిలించే పార్టిషన్ (డిస్కును భాగాలు చేసే) తెర దగ్గరకు రండి. 'మొత్తం డిస్కు చెరిపి' అన్న ఎంపిక నిజంగానే మొత్తం చెరుపుతుంది, డి డ్రైవ్‌ను వదిలిపెట్టదు. డిస్కును పేరుతో కాక సైజుతో గుర్తుపట్టండి. చేత్తో పార్టిషన్లు చేసేవాళ్లు ఈఎఫ్ఐ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయొద్దు, విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. 16 ఎంబీ ముక్క ఒకటి కనిపిస్తే దేనికో అనుకుని తీసేయకండి, అదీ విండోస్‌దే. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేస్తే పాస్‌వర్డ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి, బూట్ తెర మీద తెలుగు కీబోర్డు ఉండదు.

ఎన్‌విడియా గ్రాఫిక్స్, సెక్యూర్ బూట్ రెండూ ఉంటే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలి తెరలో 'ఎన్‌రోల్ మోక్' (ఆ డ్రైవర్‌ను నమ్మడానికి కావాల్సిన కీని నమోదు చేసే ఎంపిక) ఎంచుకుని అదే ఇవ్వాలి. తొందరలో 'కంటిన్యూ' నొక్కితే డ్రైవర్ లోడ్ కాదు.

ఇన్‌స్టాల్ అయ్యాక, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోతే అది పోయిందని కంగారు పడొద్దు. గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది, దాన్ని ఆన్ చేసి గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే చాలు. లైవ్ పెన్‌డ్రైవ్‌ను మాత్రం చెరపకండి, లినక్స్ తెరుచుకోకపోతే అదే అక్కరకొస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ ఉన్న కొన్ని డ్యూయల్ బూట్ మిషన్లలో లినక్స్ తెరుచుకోలేదు.