మియాటా ఎన్‌డీ కొనేముందు: గంట టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి, ఎలా నడపాలి

రెండు సీట్ల, టాప్ తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు మాజ్డా ఎంఎక్స్-5 మియాటాను చాలామంది పది నిమిషాల్లో తేల్చేస్తారు. డీలర్ దగ్గర తాళం తీసుకుని, ఫ్రీవే ఎక్కి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి, "పికప్ అంతంతమాత్రం, చప్పుడు ఎక్కువ" అని తిరిగిచ్చేస్తారు. ఆ పరీక్షలో ఈ బండి నెగ్గదు, నెగ్గాలని తయారు చేసిందీ కాదు. దీన్ని తూచాల్సింది మలుపులో, గేర్ రాడ్ దగ్గర, గంటకు 40 మైళ్ల వేగంలో. అందుకు కనీసం గంట కావాలి, అదీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదలయ్యే గంట. "ముందే స్టార్ట్ చేసి వేడెక్కించొద్దు" అని అమ్మేవాళ్లకి ఫోన్‌లోనే చెప్పండి.

ఇండియాలో మాజ్డా కార్లు అమ్మదు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా మోడళ్ల గురించే. మొదటి మియాటా 1989లో షికాగో ఆటో షోలో కనిపించింది. 2014 సెప్టెంబర్‌లో బయటపెట్టిన నాలుగో తరాన్ని ఎన్‌డీ అంటారు. అమెరికాలో అది 2016 మోడల్‌గా వచ్చింది. కొత్త మోడల్ వస్తే బరువు పెరగడం మామూలే అయిన రోజుల్లో ఇది ముందు తరం కంటే దాదాపు 150 పౌండ్లు తగ్గింది. మాన్యువల్ స్పోర్ట్ మోడల్ బరువు 2,332 పౌండ్లు, అంటే సుమారు 1,060 కిలోలు. ఈ బండి మంచిచెడులన్నీ ఈ ఒక్క అంకెలోంచే వస్తాయి.

ఏ ఏడాదిది తీసుకోవాలి? 2016 నుంచి 2018 దాకా 2 లీటర్ల ఇంజన్ 155 హార్స్‌పవర్ ఇస్తుంది, రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం) 6,800 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. 2019లో అదే ఇంజన్‌ని లోపల బాగా మార్చి 181 హార్స్‌పవర్‌కీ, 7,500 రెడ్‌లైన్‌కీ తెచ్చారు. స్టీరింగ్ ముందుకూ వెనక్కూ జరపడం కూడా అప్పుడే వచ్చింది, అంతకు ముందు పైకీ కిందికీ మాత్రమే కదిలేది. 2024లో స్క్రీన్, లైట్లు, మాన్యువల్ బండ్ల డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తిని పంచే భాగం) మారాయి. డబ్బు సరిపోతే 2019 లేదా ఆ తర్వాతిది తీసుకోండి. పవర్ కోసం అంతగా కాదు, స్టీరింగ్ కోసం, గేర్‌బాక్స్ కోసం. ఎందుకో కింద తెలుస్తుంది.

ముందు కూర్చోండి, తాళం తర్వాత

సీటు వెనక్కి జరిపి, టాప్ మూసి, తలుపు వేసుకోండి. తల టాప్‌కి తగులుతుందా? ముందు అద్దం పైఅంచు సరిగ్గా కంటికి అడ్డంగా వస్తుందా? మొత్తం ఎత్తు కంటే నడుము పైభాగం పొడవే ఇక్కడ లెక్క. ఆరడుగుల మనిషి హాయిగా పట్టొచ్చు, అంతకంటే రెండు అంగుళాలు పొట్టి మనిషికి పట్టకపోవచ్చు. ట్రాఫిక్ లైట్ దగ్గర మొదటి వరసలో ఉన్నప్పుడు మెడ వంచకుండా లైటు కనబడాలి. సీటుని కొంచెం ముందుకు లాగి, వీపు నిటారుగా పెట్టి మళ్లీ చూడండి. కాళ్లు చాపుకుని కూర్చునే అలవాటుతో ఈ కారులో స్టీరింగ్ అందదు. 2019కి ముందు బండ్లలో అసలు అందదు.

పక్క సీట్లో కూర్చోబోయే మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆ వైపు కాళ్ల దగ్గర ఫ్లోర్‌లో ఉబ్బెత్తు ఉంటుంది, గంట ప్రయాణం తర్వాతే దాని సంగతి తెలుస్తుంది. డ్యాష్‌బోర్డ్‌లో గ్లవ్‌బాక్స్ లేదు, సీట్ల మధ్య వెనక వైపు చిన్న అర ఉంటుంది. డిక్కీ 4.59 ఘనపు అడుగులు, అంటే 130 లీటర్లు. మెత్తటి క్యాబిన్ బ్యాగులు రెండు పడతాయి. ఇండియా ప్రయాణానికి సర్దే పెద్ద సూట్‌కేసు పట్టదు కాబట్టి ఎయిర్‌పోర్ట్‌కి వేరే బండి ఉండాల్సిందే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది రెండో కారు మాత్రమే, మొదటిది కాలేదు.

టాప్, నీళ్లు, రేకు

గుడ్డ టాప్‌కి మోటార్ లేదు, ఉండక్కర్లేదు కూడా. అద్దం పైన నడిమధ్య ఉన్న ఒకే ఒక్క లాచ్ తిప్పండి, పక్క అద్దాలు వాటంతటవే కొంచెం దిగుతాయి. టాప్‌ని వెనక్కి తోసి, క్లిక్ అనేదాకా కిందికి నొక్కండి. సీట్లో కూర్చునే ఐదారు సెకన్లలో అయిపోవాలి. లాచ్ బిగుసుకుపోయినా, మూసేటప్పుడు ఒక మూల ఎత్తుగా నిలబడినా ఫ్రేమ్ వంగిందేమోనని అనుమానించండి. మడతలు పడేచోట, లోపలి ఇనప కడ్డీలు రాసుకునేచోట గుడ్డని వేలితో తడిమి చూడండి. అరిగి పలచబడితే అక్కడ ముందు చిన్న తెల్లచార కనబడుతుంది, తర్వాత చిల్లు పడుతుంది. తడి గుడ్డని మడిచి రోజుల తరబడి వదిలేస్తే బూజు పడుతుంది, మడతలోకి ముక్కు పెడితే వాసన దాగదు.

అన్నిటికంటే ఎక్కువమంది మర్చిపోయేది డ్రెయిన్లు. టాప్ మీద పడ్డ వాన, సీట్ల వెనక రెండు వైపులా ఉన్న కాలవల్లోకి దిగి, గొట్టాల గుండా కారు కిందికి పోతుంది. చెట్టు కింద నిలిపే బండిలో ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. పైన పొడిగా కనిపించినా అడుగున నాని, తుప్పుకీ వైరింగ్ తెగుళ్లకీ దారి తీస్తుంది. చిన్న గ్లాసుడు నీళ్లు ఒక్కో వైపు మెల్లగా పోసి, కింద ధార పడుతోందో లేదో చూడండి. పడకపోతే సీటు వెనక కార్పెట్‌ని గట్టిగా అదిమి తడి ఉందేమో చూడండి. మూసుకుపోయిన గొట్టంలోకి ఇనప తీగ పొడవకండి, చిరుగుతుంది. మెత్తటి ప్లాస్టిక్ తాడు, గోరువెచ్చని నీళ్లు చాలు.

రేకు చూడటానికి అయస్కాంతం తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. ఎన్‌డీలో బానెట్, ముందు ఫెండర్లు, డిక్కీ మూత అల్యూమినియం. అక్కడ అయస్కాంతం అంటుకోలేదని పుట్టీ పెట్టారని భయపడొద్దు. తలుపులు, వెనక ఫెండర్లు ఉక్కు, అయస్కాంతం పనికొచ్చేది వాటి మీదే. అల్యూమినియం భాగాల్ని మాత్రం వెలుతురు వాలుగా పడేట్టు నిలబడి చూడాలి. వడగళ్ల దెబ్బలు దాని మీద తేలిగ్గా పడతాయి, టెక్సాస్ బండ్లలో ముఖ్యంగా చూడండి. తీయించడం కూడా ఉక్కు మీదకన్నా కష్టం. మంచు రాష్ట్రాల నుంచి వచ్చిన బండి అయితే కింద పడుకుని సస్పెన్షన్ బోల్టులు, తలుపుల కింద అతుకు అంచు చూడండి. జాకీ తప్పుచోట పెట్టి ఆ అంచుని వంచినవాళ్లు లెక్కలేనంతమంది.

చల్లటి ఇంజన్, తర్వాత గేర్లు

క్లచ్ తొక్కి బటన్ నొక్కండి. మొదటి నిమిషం ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరిగి మెల్లగా దిగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి బానెట్ ఎత్తితే టిక్ టిక్‌మని కుట్టుమిషన్ లాంటి చప్పుడు వినిపిస్తుంది, అది జబ్బు కాదు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మెల్లగా తొక్కుతూ వదులుతూ వినండి. తొక్కినప్పుడు వచ్చే కీచుమనే శబ్దం రిలీజ్ బేరింగ్‌ని చూపిస్తుంది. వదిలేసినప్పుడు ఉండి, తొక్కితే ఆగిపోయే గరగర గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ది కావచ్చు. రెండూ గేర్‌బాక్స్ దించితే తప్ప తేలని పనులు, కాబట్టి ధరలో తేల్చుకోవాలి.

ఊళ్లో మాన్యువల్ నేర్చుకుని వచ్చినవాళ్లకి ఎడమచేయి గేరు కోసం వెళ్లి తలుపుకి తగులుతుంది. కుడిచేత్తో మార్చడం అరగంటలో అలవాటవుతుంది, పెడళ్ల వరస మాత్రం అదే. రివర్స్ మొదటి గేరుకి ఎడమ పక్కన ఉంటుంది, రాడ్‌ని కిందికి నొక్కితేనే పడుతుంది.

గేర్‌బాక్స్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కొంచెం మొరాయిస్తుంది. బలవంతం చేయొద్దు, ఒక్క క్షణం ఆగి రెండు వేళ్లతో లాగితే దానంతటదే పడుతుంది. పది మైళ్లు నడిచాక కూడా రెండులోకో మూడులోకో గరుక్కున వెళ్తుంటే సింక్రో (గేరు సాఫీగా పడేట్టు చేసే రింగు) అరిగినట్టే. తొలి ఏళ్ల ఎన్‌డీ గేర్‌బాక్సుల్లో పళ్లు విరిగిన సంగతి ఈ కారు ప్రియులందరికీ తెలుసు. కంపెనీ లోపలి భాగాల్ని పలుమార్లు మార్చింది. అందుకే 2016, 2017 బండికి గేర్‌బాక్స్ ఎప్పుడైనా మార్చారా అని సర్వీస్ కాగితాల్లో వెతకండి. మార్చి ఉంటే అది మచ్చ కాదు, మీకు లాభం. నడుపుతూ ఒక్కో గేరులో యాక్సిలరేటర్ సగం తొక్కి, తర్వాత పూర్తిగా వదిలి వినండి. చక్రం వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ వచ్చే టకటక ఉంటే ఆ బండి వదిలేయండి.

క్లచ్ ప్లేటు కోసం నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కసారి పూర్తిగా తొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రం ఎగబాకితే ప్లేటు జారుతోంది.

ఇప్పుడు ఫ్రీవే చప్పుడు సంగతి. ఈ గేర్‌బాక్స్‌లో ఆరో గేరు 1:1, అంటే ఫ్రీవే మీద ఇంజన్ వేగాన్ని ఇంకా తగ్గించే ఓవర్‌డ్రైవ్ గేరు లేదు. 17 అంగుళాల చక్రాలతో 70 మైళ్ల దగ్గర ఇంజన్ సుమారు 2,800 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. గుడ్డ టాప్ మీదుగా గాలి ఎలాగూ వినిపిస్తుంది. కానీ ఒక వైపే ఈలలా వస్తే అది కారు స్వభావం కాదు, రబ్బరు సీలు నలిగిందన్నమాట. రోజూ గంటన్నర ఫ్రీవే మీదే గడిపేవాళ్లు మడిచే గట్టి పైకప్పున్న ఆర్ఎఫ్ చూడండి. అది దాదాపు 50 కిలోలు ఎక్కువ బరువు, మోటారుతో 13 సెకన్లలో తెరుచుకుంటుంది, తల పైన చోటు మాత్రం ఇంకా తక్కువ.

మలుపులో

బయల్దేరేముందే టైర్లలో గాలి చూడండి. తలుపు ఫ్రేమ్ మీద స్టిక్కర్ చల్లటి టైరుకి 29 పీఎస్ఐ అంటుంది. చాలామంది డీలర్ల దగ్గర సెడాన్లకి పట్టినట్టు 35 పట్టేసి ఉంటారు. ఇంత తేలిక బండికి ఆ ఆరు పీఎస్ఐలే స్వభావాన్ని మార్చేస్తాయి. గతుకు మీద ఎగురుతుంది, స్టీరింగ్ మొద్దుబారుతుంది, "సస్పెన్షన్ గట్టిగా ఉంది" అన్న తప్పు తీర్పు వస్తుంది. గాలి సరిచేశాకే నడపండి.

ఖాళీగా ఉన్న క్లోవర్‌లీఫ్ ర్యాంప్ (ఫ్రీవే దగ్గర గుండ్రంగా తిరిగే దారి) ఒకటి వెతుక్కుని, బోర్డు మీదున్న వేగానికే వెళ్లండి. రోడ్డు తిన్నగా ఉండగానే బ్రేకు పని ముగించండి. పెడల్ మెల్లగా వదులుతూ స్టీరింగ్ తిప్పండి. బండి బయటి వైపుకి వాలుతుంది, అదీ చూసేవాళ్లకి కనబడేంతగా. ఇక్కడే కొత్తవాళ్లు కంగారుపడి స్టీరింగ్ సర్దుతారు, బండి ఊగుతుంది, తప్పు కారు మీద వేస్తారు. ఆ వాలు కావాలని పెట్టిందే. బరువు ఏ చక్రం మీదకి వెళ్తోందో నడుముకి తెలియాలని స్ప్రింగులు మెత్తగా పెట్టారు. గుర్రమూ రౌతూ ఒక్కటే అన్న అర్థంలో మాజ్డా వాడే "జిన్‌బా ఇత్తాయ్" అనే మాట ఇదే. చేతులు కదపకుండా ఒక్క క్షణం ఆగండి. వాలు నిలకడగా ఆగిపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ సన్నగా అందుకుంటే వెనక భాగం నేలకి అదుముకుని బండి మలుపులోంచి తేలిగ్గా బయటికి వస్తుంది. రెండోసారి అదే ర్యాంప్ తిరగండి, తేడా మీ చేతుల్లోనే తెలుస్తుంది.

ఊగడం ఆగకుండా రెండుమూడుసార్లు కొనసాగితే మాత్రం డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) పోయాయి. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ పక్కకి లాగితే, టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ చేయించాలి. స్టీరింగ్ ఎలక్ట్రిక్, మధ్యలో కొంచెం తేలిగ్గా అనిపిస్తుంది. పాత మియాటాలు నడిపినవాళ్లకి ఇది నచ్చదు, ఆ ఫిర్యాదులో నిజముంది.

వాలు మీకు నిజంగా పడకపోతే క్లబ్ మోడల్ నడిపి చూడండి. మాన్యువల్ అయితే అందులో బిల్‌స్టీన్ కంపెనీ డ్యాంపర్లు ఉంటాయి, ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కూడా. తొలి ఏళ్ల స్పోర్ట్‌లో అది లేదు, ఇరుకు మలుపులోంచి గట్టిగా బయటికి వచ్చేటప్పుడు లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది. నగర రోడ్ల మీద మాత్రం మెత్తటి స్పోర్టే హాయి. ఎక్కువ ఖర్చు పెడితేనే మంచి మియాటా అన్నది ఈ కారుకి వర్తించదు.

155 హార్స్‌పవర్ బండిలో రెండో గేరు 57 మైళ్ల చుట్టూ రెడ్‌లైన్ తాకుతుంది, 181ది 60 దాటేదాకా లాగుతుంది. ర్యాంప్ మీంచి ఫ్రీవేలో కలిసేటప్పుడు తేడా తెలిసేది ఇక్కడే. 4,000 దాటించకుండా నడిపి "పవర్ లేదు" అనొద్దు, వేడెక్కాక పైదాకా తిప్పండి.

తిరిగి వచ్చాక ఇంజన్‌ని రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, స్క్రీన్ తనంతట తాను నొక్కుకుంటోందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే ఉంటుంది. సీసా మీద గడువు తేదీ చదవండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ కూడా చదవండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. చివరికి బండిని ఒక అడుగు ముందుకు జరిపి, నిలబడ్డ చోట నేల చూడండి. ఏసీ నీళ్లు తప్ప ఇంకేదీ ఉండకూడదు.