దమ్ము ఉన్నవాళ్లకు యాది తప్పుతుంటే ముందు ఊపిరి చూడండి

మా బాపు భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యారు. సీఓపీడీ ఉంది, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై దమ్ము (ఆయాసం) వచ్చే దీర్ఘకాలిక జబ్బు. మాటలు మర్చిపోతుంటే వయసు మీద పడిందని ఊరుకున్నాం. అది మా తప్పు. బావుల్లో పనిచేసినవాళ్లు, బీడీ తాగినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు ఏళ్లకేళ్లు కూర్చున్న అమ్మలు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లల కోసం రాస్తున్నాను.

సమస్య: ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడుతున్నాడు

ఒక చలికాలం, జలుబు చేసిన మూడో రోజు. మబ్బుల నాలుగింటికి బాపు మంచం మీద కూర్చుని అంగీ గుండీలు పెట్టుకుంటున్నారు. ఒక కాజా తప్పి అన్నీ వంకరగా పడ్డాయి. "ఫస్ట్ షిఫ్టుకు టైమైతుంది, టిఫిన్ డబ్బా ఏది బిడ్డా?" అన్నారు. గోళ్లు నీలంగా ఉన్నాయి. వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న పరికరం) పెడితే 81.

కారణం: ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కొందరికి కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుంటుంది. రెండూ మెదడును మసకబారుస్తాయి. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తు, చేతులు వణకడం రెండోదానికి గుర్తులు.

పరిష్కారం: ఇది మతిమరుపు కాదు, ఎమర్జెన్సీ. వెంటనే 108కి ఫోన్ చేయండి, సీఓపీడీ అని ముందే చెప్పండి. ఇంట్లో కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) ఉంటే డాక్టర్ రాసిచ్చిన లీటర్లే పెట్టండి. టెన్షన్‌లో ఇంకా పెంచాలనిపిస్తుంది, నాకూ చెయ్యి అటే పోయింది. కానీ ఆక్సిజన్ ఎక్కువైతే ఈ రోగుల్లో కొందరికి కార్బన్ డయాక్సైడ్ పెరిగి స్పృహ తప్పవచ్చు. అందుకే వీళ్లకు సాధారణంగా ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉండేలా చూస్తారు. అలాగని ఆపేయడం ఇంకా ప్రమాదం.

సమస్య: నెలల తరబడి మెల్లగా యాది తగ్గుతోంది

కారణం చాలాసార్లు ఒక్కటే ఉండదు. రోజూ కొంచెం కొంచెం తగ్గే ఆక్సిజన్, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు, బీపీ, షుగర్ అన్నీ కలుస్తాయి.

పరిష్కారం: చేతులు వెచ్చగా ఉన్నప్పుడు, నెయిల్ పాలిష్ లేని వేలికి, కాసేపు కూర్చున్నాక ఆక్సీమీటర్ పెట్టి రాసుకోండి. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా 88, అంతకంటే తక్కువే వస్తుంటే ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో ఆక్సిజన్ రాస్తే రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. ఆ గదిలో బీడీ, పొయ్యి, దేవుడి దీపం ఏదీ వద్దు. పోయిన యాది అంతా తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను. బీ12, థైరాయిడ్, చెవుడు కూడా చూపించండి, అవి సరిచేయగలిగినవి.

సమస్య: మత్తు, వణుకు కొత్తగా మొదలయ్యాయి

పైన చెప్పినట్టు ఇది కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. మందులు కూడా చూడండి. నిద్రమాత్రలు, జలుబు బిళ్లలు మెదడును మందగింపజేస్తాయి. దమ్ముకు ఇచ్చే థియోఫిలిన్ మాత్ర వాడేవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే థియోఫిలిన్ రక్తంలో పెరుగుతుంది, దాంతో వణుకు రావచ్చు. మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ ముందు పెట్టండి. మీ అంతట మీరు ఆపకండి.

సమస్య: ఇన్హేలర్ పఫ్ మర్చిపోతున్నారు, లేదా రెండుసార్లు తీసుకుంటున్నారు

దీన్నే నేను అన్నిటికంటే ముఖ్యంగా చూస్తాను. యాది తగ్గితే పఫ్ తప్పుతుంది, పఫ్ తప్పితే దమ్ము పెరుగుతుంది, దాంతో యాది ఇంకా తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇన్హేలర్ తర్వాత ఎలాగూ నోరు పుక్కిలించాలి కదా, అందుకే దాన్ని బాపు బ్రష్షు పక్కనే పెట్టాం. స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) కొన్నాం, నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరాలన్న తిప్పలు తగ్గింది. పఫ్ కాగానే గోడ మీది క్యాలెండర్‌లో బాపు తన చేత్తోనే గీత పెడతారు.

గీత లేని పొద్దున అమ్మ తిట్టదు. ముందు ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెడుతుంది.